కోరండం అనే మాట తమిళందా, మనదా?

వైరా_అమ్మాయి
అందరికీ నమస్కారం. మా పాప ఆరో తరగతి, హ్యూస్టన్‌లో చదువుతోంది. స్కూల్లో ప్రాజెక్టు ఇచ్చారు: ఎవరు పుట్టిన నెల రాయి గురించి వాళ్ళు చార్టు చేసుకుని రావాలట. జులైలో పుట్టింది కాబట్టి దీనికి రూబీ వచ్చింది. రూబీ ఏ ఖనిజం అని వెతికితే కోరండం అని ఉంది. ఆ మాట ఎక్కడిది అని డిక్షనరీ యాప్‌లో చూస్తే "తమిళ కురుందం నుంచి" అని ఒక్క ముక్కలో తేల్చేశారు.

మాది ఖమ్మం జిల్లా వైరా దగ్గర పల్లెటూరు. చిన్నప్పుడు వానపడ్డాక చేలల్లో రంగురాళ్ళు ఏరుకునేవాళ్ళం. ఎప్పుడైనా ఒకాయన సైకిల్ మీద వచ్చి చూసి, బాగున్నవి తీసుకుని చేతిలో చిల్లర పెట్టి పోయేవాడు. ఆ రాళ్ళకు తెలుగులో ఏదో పేరు ఉండే ఉంటుంది కదా అనిపిస్తోంది. నిజంగా తమిళం మాటేనా? శుక్రవారానికి చార్టు ఇవ్వాలి, ఎవరైనా చెప్పండి.

సరదా_సత్తి
కరుకు + అందం = కోరండం. కరుగ్గా ఉంటుంది, అందంగా ఉంటుంది. ఖాయం. పాపకు నూటికి నూరు మార్కులు.

నిఘంటు_పురుగు
సత్తి గారి మాట ఆ చార్టు మీదికి ఎక్కకముందే నేను రావాలని పరుగెత్తుకొచ్చాను.

అమ్మా, తెలుగులో దాని పేరు కురువిందం. ఏ పాత నిఘంటువు తిప్పినా దొరుకుతుంది: ఒక అర్థం కెంపు, ఇంకో అర్థం తుంగముస్తె. అవును, చెరువు గట్టున మొలిచే గడ్డే. సంస్కృతంలోనూ ఇదే తంతు. అమరకోశంలో "కురువిందో మేఘనామా ముస్తా" అని వచ్చేది ఆ గడ్డి పేర్లలోనే. కెంపు పేర్లు చెప్పే చోట అమరుడు శోణరత్నం, లోహితకం, పద్మరాగం అని ఊరుకున్నాడు, అక్కడ కురువిందం ఊసే ఎత్తలేదు.

కానీ 6వ శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో ఒక మాట అన్నాడు. పద్మరాగాలు మూడింటి నుంచి పుడతాయట: సౌగంధికం, కురువిందం, స్ఫటికం. అంటే కురువిందం అనే ముతక రాయికీ కెంపుకూ చుట్టరికం ఉందని అప్పటికే ఎవరో గమనించారు. మిగతా రెండూ పక్కన పెట్టండి, ఈ ఒక్కటి మాత్రం నేటి ఖనిజశాస్త్రం చెప్పేదానికి ఎంత దగ్గరగా ఉందో చూడండి.

గోదారి_గట్టు
గురివింద గింజకూ కురువిందానికీ ఏమైనా సంబంధం ఉందా అండీ? రెండూ ఎర్రనివే. పైగా మా తాతగారు కంసాలి, బంగారం గురివింద గింజలతో తూచేవారు. చెవికి రెండూ ఒకటే మాటలా వినపడుతున్నాయి.

నిఘంటు_పురుగు
వినపడుతున్నాయి, నిజమే. కానీ చెవికి ఆనినంత మాత్రాన ముడి వేయకూడదు. అలా వేస్తే సత్తి గారి కరుకందం కూడా ఒప్పుకోవాల్సి వస్తుంది. ఆ గింజ పాత రూపాలు, ఈ రాయి పాత రూపాలు పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప నేను నోరు విప్పను.

సరదా_సత్తి
గురివింద తన కింద నలుపెరగదన్నట్టు, అందరూ నామీదే పడతారేంటి :)

చెన్నపట్నం_రాజు
నేను 30 ఏళ్ళుగా చెన్నైలో ఉంటున్న తెలుగువాణ్ణి. కాబట్టి రెండు వైపులా తిట్లు తినడం నాకు అలవాటే. డిక్షనరీ చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. తమిళంలో కురుందం అంటారు. కోరండం అనే మాటలో "వి" ఎక్కడుంది? కురువిందం నుంచి వస్తే ఆ "వి" మిగలాలి కదా. ఇంగ్లీషువాళ్ళు కాపురం పెట్టింది మద్రాసులో, ఫోర్ట్ సెయింట్ జార్జిలో. చుట్టుపక్కల విన్నమాట పట్టుకుపోయారు. కరూర్, సేలం వైపు ఈ రాయి పుష్కలంగా దొరుకుతుంది కూడా. ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు మనం "మాది మాది" అని లాక్కోవడం దేనికి?

వైరా_అమ్మాయి
అయ్యో, నేను లాక్కోవడానికి అడగలేదండీ. తెలుసుకుందామనే.
ఇంకో డౌటు. రూబీ, సఫైర్ రెండూ కోరండమే అంటున్నారు. ఒకటి ఎరుపు, ఒకటి నీలం. ఒకే రాయి ఎలా అవుతుంది? పాప అడిగితే ఏం చెప్పాలో తెలియలేదు.

రాతిగుండె_రిటైర్డ్
ఇది నా డిపార్ట్‌మెంటు. 30 ఏళ్ళు సుత్తి పట్టుకుని కొండలు తిరిగాను.

స్వచ్ఛమైన కోరండానికి రంగు ఉండదమ్మా. అల్యూమినియం, ఆక్సిజన్, అంతే. అందులో చిటికెడు క్రోమియం చేరితే ఎరుపు వస్తుంది, అది కెంపు. ఇనుము, టైటానియం జతగా చేరితే నీలం. పాపకు ఇలా చెప్పండి: ఒకే పిండితో వేసిన జంతికలు, ఒకదాంట్లో కారం ఎక్కువ పడింది, ఇంకోదాంట్లో వాము పడింది. పిండి మారలేదు. నగల కొట్లో కనకపుష్యరాగం అని అమ్మే పసుపు రాయి కూడా చాలావరకు ఇదే. అంటే ఉంగరంలో తొమ్మిది రాళ్ళు పొదిగించుకునేవాళ్ళు మూడుసార్లు ఒకే ఖనిజానికి డబ్బులు కడుతున్నట్టు. మా ఆవిడతో ఈ మాటంటే రెండు రోజులు మాట్లాడలేదు.

ఈ సంగతి పాశ్చాత్యులకు కూడా అంత తేలిగ్గా తెలియలేదు. వాళ్ళకు ఎర్రగా ఉంటే చాలు, రూబీ. లాటిన్‌లో ఎరుపు అనే మాటే అది. బ్రిటిష్ కిరీటంలో ముందువైపున ఉన్న పెద్ద ఎర్ర రాయిని బ్లాక్ ప్రిన్స్ రూబీ అంటారు. అది అసలు రూబీయే కాదు, స్పినెల్ అనే వేరే రాయి. 1798లో చార్లెస్ గ్రెవిల్ అనే ఇంగ్లీషాయన ఆసియా నుంచి వచ్చే కోరండం రాయి మీద లండన్ రాయల్ సొసైటీ పత్రికలో వ్యాసం రాశాడు. తర్వాత 1802లో బూర్నోఁ అనే ఫ్రెంచి ప్రభువు, విప్లవం దెబ్బకు దేశం వదిలి ఇంగ్లండులో ఉంటున్నవాడు, స్ఫటికాల కోణాలు కొలిచి ఈ ముతక రాయి, రూబీ, సఫైర్ అన్నీ ఒకే జాతి అని చూపించాడు. అప్పటిదాకా ఇనుము నూరే గరుకు రాయికి ఉన్న మన పల్లెటూరి పేరు, ఆ దెబ్బతో రాజుల కిరీటాల్లోని రాళ్ళకు ఇంటిపేరైంది. నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చేది ఇదే.

ఇంకోటి, ఖమ్మం వైపు కోరండం దొరుకుతుంది. మీరు చిన్నప్పుడు ఏరుకున్నవాటిలో అది ఉండే అవకాశం బాగానే ఉంది. అనంతపురం వైపు కూడా ఉంది.

గోదారి_గట్టు
రూబీ అంటే ఎరుపా! మన కెంపు కూడా అదే కదండీ. కెందామర, కెంజాయ అన్నప్పుడు ఆ "కెం" ఎరుపే. ఎక్కడి లాటిన్ వాళ్ళు, ఎక్కడి మనం!

కెంపు_బాధితుడు
పేరు చూసి నవ్వకండి. రూబీ టాపిక్ వచ్చింది కాబట్టి నా గోడు కూడా వినండి. జాతకం చూసినాయన రవి బలహీనంగా ఉన్నాడు, కెంపు పెట్టుకో అన్నాడు. ఆయన చెప్పిన కొట్లోనే కొన్నాను. "బర్మా కెంపు సార్, లైఫ్ లాంగ్" అన్నారు. రెండు నెలల జీతం. ఏడాది తర్వాత వేలు ఉబ్బితే ఉంగరం కోయించాల్సి వచ్చింది. సరే కదా అని రాయిని ల్యాబ్‌లో చూపించాను. ఆ అమ్మాయి భూతద్దం కింద పెట్టి, నన్నే చూడమంది. లోపల గ్రామఫోన్ రికార్డు మీద గీతల్లాగా వంపు తిరిగిన సన్నటి గీతలు, అక్కడక్కడ గాలి బుడగలు. "ఇది కోరండమే సార్, కానీ ఫ్యాక్టరీలో పుట్టింది" అంది.
కొట్టుకు వెళ్తే, "కెంపు కాదని రిపోర్టులో ఎక్కడైనా ఉందా?" అని నన్నే అడిగారు. లేదు మరి!

రాతిగుండె_రిటైర్డ్
ఆ వంపు గీతలే ఆనవాలు. భూమిలో పెరిగిన స్ఫటికంలో గీతలు వంపు లేకుండా తిన్నగా, కోణాలుగా ఉంటాయి. మంట కింద పొడిని చుక్కచుక్కగా కరిగించి పోసే పద్ధతిని వెర్నయ్ అనే ఫ్రెంచాయన 1902లో బయటపెట్టాడు. మీది ఆ దారిలో వచ్చింది. మన నాన్నల హెచ్‌ఎంటి వాచీల డయల్ మీద 17 జ్యువెల్స్ అని ఉండేది చూడండి, లోపల ఇరుసుల కింద ఉండేవి ఇలాంటి కెంపులే. గట్టితనంలో వజ్రం 10 అయితే ఇది 9, అరగదు. రాయి అబద్ధం కాదండీ, ధర అబద్ధం.

కెంపు_బాధితుడు
అంటే నేను రెండు నెలల జీతం పెట్టి వాచీ పార్టు కొన్నాను. థాంక్సండీ, మనసు తేలికపడింది.

నిఘంటు_పురుగు
రాజు గారికి జవాబు బాకీ ఉన్నాను. నిన్నంతా దీని మీదే కూర్చున్నాను.

1886లో వచ్చిన హాబ్సన్ జాబ్సన్ అనే ఆంగ్లో ఇండియన్ మాటల నిఘంటువులో కోరండం ఉంది. యూల్, బర్నెల్ అనే ఇద్దరు కూర్చారు. తెలుగు కురువిందం, తమిళ కురుందం రెండూ ఇచ్చి, బహుశా తమిళమే నేరు మూలం అన్నారు. యాప్‌లు, చిన్న డిక్షనరీలు మోసుకొస్తున్న మాట అదే. సరే. కానీ వాళ్ళు కిందనే ఇచ్చిన మొట్టమొదటి ఉదాహరణ చూడండి. 1660లలో గోల్కొండ రాజ్యంలో తిరిగిన ఫ్రెంచి యాత్రికుడు తెవెనో రాసింది. అక్కడి పనివాళ్ళు నీలాలు కోయడం చూశాడు. వెదురు విల్లుకు ఇనప తీగ కట్టి రంపంలా లాగుతుంటే, ఇంకొకడు తెల్లటి రాతిపొడి కలిపిన నీళ్ళు ఆ గాటులో పోస్తూ ఉంటాడట. ఆ తెల్ల రాయి ఈ రాజ్యంలోనే ఒకచోట దొరుకుతుంది, దాన్ని "తెలెంగీ" భాషలో "కోరిండ్" అంటారు అని రాసుకున్నాడు.

తెలెంగీ భాష! తమిళమే మూలం అని పైన చెప్పి, కింద సాక్షిని తెలుగువాణ్ణి నిలబెట్టారు. చదువుతుంటే నవ్వొచ్చింది.

చెన్నపట్నం_రాజు
గోల్కొండలో అడిగితే తెలుగులో కాక ఇంకే భాషలో చెబుతారు? అది ఫ్రెంచి పుస్తకంలోకి వెళ్ళింది. ఇంగ్లీషులోకి ఎలా వచ్చింది అనేది ప్రశ్న. అక్కడ నా మద్రాసు అలాగే ఉంది, కదల్లేదు.

నిఘంటు_పురుగు
కదుపుతాను, కాస్త కాఫీ తాగి వస్తాను.

లేత్_మాస్టర్
పెద్దవాళ్ళు మాట్లాడుకుంటుంటే మధ్యలో వస్తున్నా, ఏమనుకోకండి. నాది బాలానగర్‌లో చిన్న లేత్ షాపు. మా దగ్గర గ్రైండింగ్‌కి కార్బోరండం రాయి వాడతాం. అది కూడా ఇదేనా? మా నాన్న సాన పట్టేవాడు. ఇంటికే లక్క తెచ్చి కరిగించి, అందులో రాతిపొడి కలిపి చక్రం పోసుకునేవాడు. ఆ వాసన నాకు ఇంకా గుర్తుంది, కాలిన బెల్లం లాగా ఉండేది. చక్రం ఆరకముందు మేం ముట్టుకుంటే వీపు విమానం మోతే. ఆ పొడిని ఆయన ఉత్తగా "గరుకు" అనేవాడు.

రాతిగుండె_రిటైర్డ్
మీ నాన్నగారిది అసలైన పద్ధతి మాస్టరూ. లక్కలో కురువిందం పొడి కలిపి సాన చక్రం పోయడం ఈ దేశంలో ఎంతో కాలంగా ఉన్న పని. కత్తులకూ అదే, రత్నాలకూ అదే.

కార్బోరండం వేరే పదార్థం, కానీ పేరులో సగం ఇదే. 1890లలో అమెరికాలో ఎచిసన్ అనే ఆయన విద్యుత్ కొలిమిలో బంకమట్టినీ బొగ్గునూ కలిపి కాల్చాడు. నీలంగా మెరిసే గట్టి పలుకులు వచ్చాయి. కార్బన్, కోరండం కలిసి ఏదో తయారైంది అనుకుని రెండు పేర్లూ అతికించి కార్బోరండం అన్నాడు. తీరా చూస్తే అది సిలికాన్ కార్బైడ్, అందులో కోరండం అనేదే లేదు. తప్పు అంచనాతో పెట్టిన పేరు స్థిరపడిపోయింది.

లేత్_మాస్టర్
అంటే మా షాపులో రోజూ అరిచే మాటలో సగం మా నాన్న కలిపిన పొడి పేరన్నమాట. రేపు కుర్రాళ్ళకు చెప్తా. వాళ్ళు దాన్ని "కారబ్రాండ్" అంటారు, బ్రాండు పేరనుకుని :)

నిఘంటు_పురుగు
కాఫీ అయింది. రాజు గారూ, కుర్చీ గట్టిగా పట్టుకోండి.

లండన్‌లో జాన్ వుడ్వర్డ్ అని ఒక వైద్యుడు ఉండేవాడు, 1728లో పోయాడు. రాళ్ళూ రప్పలూ పోగెయ్యడం ఆయన పిచ్చి. ప్రపంచం నలుమూలల నుంచి తెప్పించుకుని, వాటికి ఒక కేటలాగు రాసిపెట్టాడు. ఇంగ్లీషులో ఈ మాట కనిపించే తొలి చోట్లలో అదొకటి. గ్రెవిల్ తన 1798 వ్యాసంలో ఆ కేటలాగునే ఎత్తి చూపాడు. అందులో ఒక రాయి పేరు "నెల్ల కోరివిందం". వరి పండే పొలాల్లో దొరుకుతుంది, మామూలుగా పొలం ఎలుకలు బయటికి తోడి పోస్తాయి, ఇనుము మెరుగు పెట్టడానికి వాడతారు అని వివరం.

కోరివిందం. మీరు అడిగిన "వి" ఇదిగో, నిక్షేపంలా ఉంది. ముందున్న "నెల్ల" ఏంటి? మన నల్ల.

చెన్నపట్నం_రాజు
ఆగండాగండి. తమిళంలో నెల్లు అంటే వడ్లు. వరి పొలాల్లో దొరుకుతుంది అని మీరే రాశారు. నెల్లు పొలాల్లో దొరికే రాయి కాబట్టి నెల్ల కోరివిందం. మీ సాక్షి నా పక్షాన మాట్లాడుతున్నాడు.

సరదా_సత్తి
ఓవర్‌కి ఒక సిక్స్. పాప్‌కార్న్ తెచ్చుకుంటున్నా.

నిఘంటు_పురుగు
నిజం చెప్పాలంటే ఆ ఒక్క రాయే ఉంటే నేను నోరు మూసుకునేవాణ్ణి. మంచి పట్టే పట్టారు. కానీ అదే కేటలాగులో ఇంకో రాయి ఉంది, ఫోర్ట్ సెయింట్ జార్జి నుంచి వచ్చింది. బూడిదరంగు, కాస్త ఆకుపచ్చ జాడ, కెంపులూ వజ్రాలూ మెరుగు పెట్టడానికి వాడతారట. దాని పేరు "తెల్ల కోరివిందం".

నెల్ల, తెల్ల. నల్ల, తెల్ల. తమిళంలో తెలుపు వెళ్ళై, నలుపు కరుప్పు. ఈ జంట తమిళ నోటి నుంచి వచ్చే వీలు లేదు. మద్రాసు కోటలో ఆ రాళ్ళకు చీటీ రాసిన దొర ఎవరో గానీ, పక్కన నిలబడి పేరు చెప్పినవాడు మాత్రం తెలుగువాడే.

చెన్నపట్నం_రాజు
...
సరే. తెల్లకు నా దగ్గర మందు లేదు. ఒప్పుకున్నాను. అప్పటి మద్రాసులో తెలుగు వ్యాపారులు, దొరలకు మాటలు అనువదించే దుబాసీలు బోలెడుమంది, ఇంగ్లీషువాళ్ళు మన భాషను జెంటూ అనేవాళ్ళు అని నాకూ తెలుసు. కోట నుంచి వెళ్ళిన మాట తమిళమే అయ్యుండాలని రూలేమీ లేదు. ఇది నేనే ముందు ఆలోచించాల్సింది.

కానీ ఒక్క సంగతి వదలను. వుడ్వర్డ్ రాసింది కోరివిందం. ఇవాళ ప్రపంచమంతా అనేది కోరండం. మధ్యలో ఆ "వి" ఎవరు మింగారు? కురుందం అనే తమిళ రూపం ఎదురుగా ఉండగా అది దానంతటదే రాలిపోయింది అంటే నేను నమ్మను. మొదట చీటీ మీద ఎక్కింది తెలుగు రూపం, చివరికి నిలిచింది తమిళ రూపం. యాప్‌వాడు రెండోదే చూసి రాశాడు.

నిఘంటు_పురుగు
నాకూ అలాగే కనిపిస్తోంది. ఒక మాట ఒకే తలుపులోంచి వెళ్ళాలని ఎక్కడుంది? మీతో వాదించకపోతే నేను హాబ్సన్ జాబ్సన్ దగ్గరే ఆగిపోయేవాణ్ణి.

భాషాభిమాని_01
చూశారా, ప్రపంచంలోని రత్నాల పేర్లన్నీ మన భాషవే! బెరిల్ మన వైడూర్యం, ఓపల్ మన ఉపలం, సఫైర్ కూడా

మోడరేటర్
@భాషాభిమాని_01 సగం పోస్టు ఎగిరిపోయినట్టుంది. మిగతా సగం రాసేముందు ఒక మనవి: "అన్నీ మనవే" దారాలు ఈ నెలలో ఇప్పటికే మూడు మూసేశాం.

నిఘంటు_పురుగు
పూర్తిగా కొట్టిపారేయకండి, మొదటి రెండింట్లో పస ఉంది. బెరిల్ అనేది ప్రాకృత వేరులియ నుంచి గ్రీకులోకి వెళ్ళింది. దాని వెనక ద్రావిడ మూలం ఉందని చాలామంది పండితులు అంటారు. జర్మన్‌లో కళ్ళజోడును బ్రిల్లె అంటారు, అదీ దీని సంతానమే, తొలి అద్దాలు ఆ రాయితో చేసేవారు కాబట్టి. తమాషా ఏంటంటే, ఇవాళ మన కొట్లో వైడూర్యం అంటే బెరిల్ ఇవ్వరు, పిల్లికన్ను రాయి ఇస్తారు. ఓపల్‌కి సంస్కృత ఉపలం మూలం అని సాధారణంగా చెబుతారు, ఉపలం అంటే ఉత్త రాయి. సఫైర్ గ్రీకు నుంచి వచ్చింది, వాళ్ళు ఆ పేరుతో పిలిచింది మన నీలాన్ని కాదు, లాపిస్ లాజులీ అనే ఇంకో నీలి రాయిని. దాన్ని మాత్రం వదిలేయండి.

గోదారి_గట్టు
మరి జెమ్ అంటే?

నిఘంటు_పురుగు
లాటిన్ గెమ్మా. మొగ్గ అని అర్థం. కొమ్మ మీద మొగ్గ. అక్కడి నుంచి రాయికి వచ్చింది.

వైరా_అమ్మాయి
అందరికీ చాలా చాలా థాంక్స్. ఇంత వస్తుందనుకోలేదు. నిన్న రాత్రి కూర్చుని చార్టు పూర్తి చేశాం. మధ్యలో ఎర్ర స్కెచ్‌తో పెద్ద కెంపు. కింద బాణాలు గీసింది: కురువిందం, కోరివిందం, కురుందం, కోరండం. మొదటి మాట తెలుగు లిపిలోనే రాస్తానని పట్టుబట్టింది. "కురువింందం" అని రాసింది, సున్నా రెండుసార్లు పెట్టి. సరిచేద్దామనుకున్నా, పెన్ను ఆరిపోయింది, వదిలేశాను. ఆ నల్ల తెల్ల విషయం దానికి తెగ నచ్చేసింది. ఎందుకంటే మొత్తం చార్టులో అడగకుండా దానికి అర్థమైన మాటలు ఆ రెండే.

మా అమ్మకు ఫోన్ చేసి కురువిందం అంటే తెలుసా అని అడిగాను. "తుంగగడ్డా? చేనంతా అదే, పీకలేక చస్తున్నాం" అంది.

సరదా_సత్తి
అన్నీ సరే. చార్టులో ఎలుక ఉందా లేదా?

వైరా_అమ్మాయి
ఉంది. కెంపు కంటే పెద్దదిగా వేసింది.